స్పెంట్ సాల్వెంట్ బయట రికవరీకి ఇస్తున్నారా? రెండు చోట్ల ఇచ్చి చూశాక మా అనుభవం

బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మాది సంగారెడ్డి జిల్లాలో ఏపీఐ (మందు బిళ్ళలో పనిచేసే అసలు పదార్థం) తయారుచేసే ఒక మీడియం సైజు కంపెనీ. నేను పర్చేజ్‌లో చేరి పద్నాలుగేళ్ళయింది, మూడేళ్ళ నుంచి ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) కూడా నాకే ఇచ్చారు, అంటే కొత్త టొలుయిన్ (మేం వాడే ఒక సాల్వెంట్) కొనేదీ నేనే, వాడేసిన టొలుయిన్ ఎక్కడికి పోతుందో చూసుకోవాల్సిందీ నేనే. ఈ రివ్యూ స్పెంట్ సాల్వెంట్‌ని, అంటే వాడేసిన సాల్వెంట్‌ని, జాబ్ వర్క్ మీద శుద్ధి చేసి తిరిగిచ్చే రికవరీ సర్వీస్ గురించి. రెండు కంపెనీలకి ఇచ్చాం, మొదటిదాని దగ్గర గట్టి దెబ్బ తిన్నాం, రెండోదాంతో దాదాపు రెండేళ్ళుగా నడుస్తోంది. రెండింటి పేర్లూ రాయట్లేదు, రాస్తే మేమెవరమో ఈ ఫీల్డ్‌లో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, పైగా పేరు కంటే ఏం చూసి ఇవ్వాలన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఫీల్డ్‌లో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మందు తయారీలో సాల్వెంట్ అనేది అన్నం వార్చే నీళ్ళ లాంటిది. రియాక్షన్ అందులోనే జరుగుతుంది, కడగడం అందులోనే, క్రిస్టల్ కట్టించడం అందులోనే, పనయ్యాక సెంట్రిఫ్యూజ్ నుంచి ఎంఎల్‌గా (మదర్ లిక్కర్, అంటే క్రిస్టల్స్ వడకట్టాక మిగిలే ద్రవంగా) బయటికి వచ్చేస్తుంది, మందులో మాత్రం మిగలకూడదు. ఎంత పోస్తామంటే, రోజర్ షెల్డన్ అనే కెమిస్ట్ 1992లోనే లెక్క కట్టి చెప్పాడు, ఫార్మాలో ఒక కిలో ప్రొడక్ట్‌కి 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వేస్ట్ వస్తుందని. పెట్రోల్ రిఫైనరీలో అయితే కిలోకి వంద గ్రాములు కూడా రాదు. ఫార్మా వేస్ట్‌లో పెద్ద వాటా సాల్వెంట్‌దే. దాన్ని సిమెంట్ ఫ్యాక్టరీ కిల్న్‌కి ఫ్యూయల్‌గా పంపొచ్చు, అది రూల్ ప్రకారం తప్పేం కాదు, కానీ ఒక కిలో టొలుయిన్ కాలిస్తే 3.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, మళ్ళీ మనం పెట్రోలియం నుంచి తీసిన కొత్త టొలుయిన్ కొనాల్సిందే. కాబట్టి డిస్టిల్ చేసి మళ్ళీ వాడుకోవడమే అన్నిటికంటే మంచి దారి. పెద్ద కంపెనీలకి సొంత డిస్టిలేషన్ కాలమ్‌లు ఉంటాయి. మాకు మెథనాల్‌కి సరిపడా ఒక చిన్న సెటప్ ఉంది, మెథనాల్ నీళ్ళ నుంచి తేలిగ్గానే విడిపోతుంది కాబట్టి అది ఇంట్లోనే చేసుకుంటాం, టొలుయిన్, టీహెచ్‌ఎఫ్, ఐపీఏ అనే మిగతా సాల్వెంట్లు మాత్రం బయటికే ఇవ్వాలి.

ఇక కాగితాల సంగతి. స్పెంట్ సాల్వెంట్ అంటే హజార్డస్ వేస్ట్, 2016 రూల్స్‌లో షెడ్యూల్ 1లో ఫార్మా కింద 28.6 నంబర్. 90 రోజులు దాటి యార్డులో పెట్టుకోకూడదు. ఆథరైజేషన్ ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. లోడు కదలాలంటే ఫామ్ 10 మానిఫెస్ట్ (సరుకుతో పాటు వెళ్ళే రవాణా పత్రం), ఏడు కాపీలు, ఏడు రంగులు. తెల్లది పీసీబీకి (పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి), పసుపుది మన ఫైల్లో, బ్లూ కాపీ మాత్రం సరుకు ముట్టిందని అవతలివాళ్ళు సంతకం పెట్టి మనకి తిప్పి పంపాలి. చాలామంది ఈ బ్లూ కాపీని ఫార్మాలిటీ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి కంపెనీని రేటు చూసి తీసుకున్నాం. మిగతా కొటేషన్ల కంటే కిలోకి నాలుగు రూపాయలు తక్కువ, నెలకి ఎన్ని టన్నులో చూసుకుంటే అది చిన్న డబ్బు కాదు, ఎండీ గారు కూడా వెంటనే ఓకే అన్నారు. మొదటి మూడు నెలలు బాగానే నడిచింది, సీఓఏలో (టెస్ట్ సర్టిఫికెట్‌లో) ప్యూరిటీ 99.5 శాతం పైనే, మాయిశ్చర్ లిమిట్ లోపలే. బ్లూ కాపీలు మాత్రం వచ్చేవి కావు, ఫోన్ చేస్తే రేపు పంపిస్తాం సార్ అనేవాళ్ళు, ఒకసారి నాలుగు లోడ్లవి ఒకేసారి ఒకే పెన్నుతో ఒకే రోజు సంతకం పెట్టి పంపారు. అప్పుడే ఆగాల్సింది.

నాలుగో నెలలో మా క్యూసీలో (టెస్టింగ్ ల్యాబ్‌లో) కొత్తగా చేరిన అమ్మాయి జీసీ (సాల్వెంట్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే మెషిన్) రన్ టైమ్ పొడిగించి పెట్టింది, మామూలుగా టొలుయిన్ పీక్ దాటాక కాసేపటికి ఆపేస్తాం, తను ఆపలేదు. చివర్లో చిన్న పీక్ ఒకటి లేచింది. ఆ బ్లాక్‌లో మేం వాడే ఏ సాల్వెంట్‌తోనూ అది కలవలేదు. స్టాండర్డ్‌లు ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే డీఎంఎఫ్ అనే ఇంకో సాల్వెంట్ దగ్గర కరెక్ట్‌గా కూర్చుంది. మేం ఆ బ్లాక్‌లో డీఎంఎఫ్ చుక్క కూడా వాడం. నేను యార్డుకి వెళ్ళి ఆ లాట్ డ్రమ్ములు చూశాను, పైన మా కంపెనీ కోడ్, మా నంబరు, అన్నీ నీట్‌గా ఉన్నాయి. ఒక డ్రమ్ము పక్కన పెయింట్ పొంగినట్టు కనిపిస్తే గోటితో గీకాను. కింద నీలం రంగులో వేరే కంపెనీ స్టెన్సిల్. ఇంకో రెండు గీకితే ఇంకో పేరు.

అంటే మా స్పెంట్ మాకు రాలేదు. ఎవరెవరిదో కలిపి ఒకే కాలమ్‌లో వేసి, టొలుయిన్ టొలుయినే కదా అని ఎవరికి ఎన్ని డ్రమ్ములు రావాలో అన్ని డ్రమ్ములు లెక్కపెట్టి పంపించేస్తున్నారు. అడిగితే ఒప్పుకున్నారు కూడా, పైగా అందరూ ఇలాగే చేస్తారు సార్, ప్యూరిటీ వచ్చింది కదా అన్నారు. అప్పటికే ఆ లాట్ నుంచి రెండు డ్రమ్ములు ఒక బ్యాచ్‌కి ఛార్జ్ అయిపోయాయి. డీవియేషన్ (తేడా జరిగిందన్న రికార్డు) రైజ్ చేసి ఆ బ్యాచ్‌ని ఇంటర్మీడియట్ (మధ్య దశ) దగ్గరే ఆపేసి రిజెక్ట్ చేశాం. నాలుగు రూపాయల చొప్పున నాలుగు నెలలు మిగిల్చుకున్నదంతా ఆ ఒక్క బ్యాచ్‌లో పోయింది, ఇంకా పైనే పోయింది.

రవ్వంత డీఎంఎఫ్‌కి ఇంత గొడవ ఎందుకు, లిమిట్ 880 పీపీఎం (పది లక్షల్లో 880 వంతులు) ఉంది కదా అని మా ప్రొడక్షన్ వాళ్ళే అడిగారు. 2018 జూలైలో వాల్‌సార్టాన్ బీపీ మందు ప్రపంచమంతా రీకాల్ అయింది గుర్తుందా. అందులో ఎన్‌డీఎంఏ దొరికింది, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థం. మొదట బయటపడింది చైనాలో ఒక ప్లాంట్‌లో ప్రాసెస్ మార్చడం వల్ల, డీఎంఎఫ్ విరిగితే డైమిథైలమీన్ వస్తుంది, దానికి నైట్రైట్ తగిలితే ఎన్‌డీఎంఏ అవుతుంది. తర్వాత తవ్వుకుంటూ పోతే ఇంకో దారి కూడా కనిపించింది, అది బయటివాళ్ళ దగ్గర రికవర్ చేయించిన సాల్వెంట్లు, ఒకరి మెటీరియల్ తర్వాత ఇంకొకరిది సరిగ్గా కడగని సామాన్లలో నడిపించడం. ఇది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గైడెన్స్‌లోనూ ఉంది, యూరప్ సంస్థ ఈఎంఏ కాగితాల్లోనూ ఉంది. డీఎంఎఫ్‌ని డీఎంఎఫ్‌గా చూస్తే లిమిట్ లోపలే ఉండొచ్చు, కానీ అది మా ప్రాసెస్‌లో ఎక్కడో నైట్రైట్‌ని కలిస్తే ఏమవుతుందో మా రిస్క్ అసెస్‌మెంట్‌లో రాసి ఉండదు, ఎందుకంటే అక్కడ డీఎంఎఫ్ లేదనుకునే అది రాశాం. బీపీ మందు రోజూ వేసుకునేవాళ్ళు ఏళ్ళ తరబడి వేసుకుంటారు. మా నాన్న వేసుకుంటారు. రికవర్డ్ సాల్వెంట్ వాడొద్దని ఏ రూలూ చెప్పదు, ఏపీఐ తయారీకి అంతర్జాతీయ గైడ్‌లైన్ అయిన ఐసీహెచ్ క్యూ7 వాడుకోవచ్చనే అంటుంది, కానీ రికవరీ పద్ధతి కంట్రోల్‌లో ఉండాలి, మానిటర్ చేయాలి అంటుంది. ఆ కంట్రోల్ మన గేటు బయట ఉన్నప్పుడు కూడా బాధ్యత మనదే.

రెండో కంపెనీ దగ్గరికి ఈసారి కొటేషన్ తెప్పించుకోకముందే నేనూ మా క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్) మేడమ్ కలిసి వెళ్ళాం. వాళ్ళు కాన్ఫరెన్స్ రూమ్‌లో ప్రెజెంటేషన్ ఏదో పెడతామన్నారు, ముందు ప్లాంట్ చూస్తామన్నాం. నాకు నచ్చింది ఏంటంటే, కస్టమర్‌కో స్పెంట్ ట్యాంకు, దాని మీద ట్యాగ్, హోస్ పైపులు కూడా ఎవరివి వాళ్ళకే, చివర మూతలు బిగించి గోడకి వేలాడదీసి ఉన్నాయి. కాలమ్ కామనే, అది దాచలేదు, కానీ ఒకరిది అయ్యాక ఇంకొకరిది ఎక్కించేముందు వాష్ చేసి ఆ రిన్స్ శాంపిల్ జీసీ రిపోర్ట్ బ్యాచ్ కార్డ్‌కి పిన్ చేస్తున్నారు, మా ముందు ఎవరిది నడిచిందో పేరు కొట్టేసి సాల్వెంట్ ఏదో మాత్రం మాకు చెప్తారు, అది చాలు మాకు.

అక్కడ కాలమ్ పక్కన ఒక ఇనప బల్ల మీద షిఫ్ట్ లాగ్‌బుక్ తెరిచి ఉంది. ఆపరేటర్ తెలుగులో రాసుకున్నాడు, చేతిరాత కూడా గుండ్రంగా ఉంది: "84 దగ్గర నీళ్ళు విడిచాయి, డికాంటర్‌లో తీశాను. 1:15కి టాప్ 109. ఇంకా ఊగుతుంది. 2:40కి 110 మీద నిలబడింది, అప్పుడు మెయిన్ కట్‌కి తిప్పాను." నాకు ఆ ఒక్క పేజీ చూశాక నమ్మకం కుదిరింది. టొలుయిన్‌లో నీళ్ళుంటే రెండూ కలిసి 84, 85 దగ్గరే ఎక్కేస్తాయి, నీళ్ళు పూర్తిగా పోయాకే కాలమ్ టాప్ (పైభాగం) టెంపరేచర్ 110 డిగ్రీలకి వస్తుంది, తొందరపడి ముందే మెయిన్ కట్‌కి, అంటే అసలు టొలుయిన్ పట్టే ట్యాంకుకి, తిప్పేస్తే క్వాంటిటీ ఎక్కువ కనిపిస్తుంది కానీ మాయిశ్చర్ ఫెయిల్ అవుతుంది. ఆ మనిషి గంటన్నర ఊరికే నిలబడి చూశాడు. లాగ్‌బుక్ మేం వస్తున్నామని రాసింది కాదు, వెనక పేజీలన్నీ అలాగే ఉన్నాయి, తిప్పి చూశాను.

రెండేళ్ళలో టొలుయిన్ మీద ఒక్క ఫెయిల్ లేదు. వంద కిలోల స్పెంట్ ఇస్తే 80 పైన తిరిగి వస్తుంది, మా స్పెంట్‌లో నీళ్ళు, మెథనాల్ కూడా కొంత ఉంటాయి కాబట్టి అది మంచి లెక్కే. ఎవరైనా మీకు 95 ఇస్తామంటే మాత్రం అది ఎక్కడి నుంచి వస్తుందో అడగండి.

టీహెచ్‌ఎఫ్ దగ్గర మొదట్లో ఒక సమస్య వచ్చింది. కొత్త టీహెచ్‌ఎఫ్‌లో బీహెచ్‌టీ అని స్టెబిలైజర్ వేసి ఉంటుంది, డిస్టిల్ చేసినప్పుడు అది కింద రెసిడ్యూలో ఉండిపోతుంది, పైన వచ్చిన టీహెచ్‌ఎఫ్ గాలి తగిలితే పెరాక్సైడ్ కడుతుంది, పెరాక్సైడ్ ఉన్న టీహెచ్‌ఎఫ్‌ని ఎవరైనా మళ్ళీ వేడి చేసి అడుగంటేదాకా తీస్తే పేలుతుంది. రెండో లాట్‌లో మా టెస్ట్ స్ట్రిప్ రంగు మారింది. వెంటనే చెప్తే వాళ్ళు వాదించలేదు, లాట్ వెనక్కి తీసుకున్నారు, ఆ తర్వాత నుంచి రిసీవర్‌లోనే బీహెచ్‌టీ డోస్ చేసి నైట్రోజన్ కింద నింపుతున్నారు, డిస్పాచ్ రోజు పెరాక్సైడ్ రిజల్ట్ సీఓఏలో విడిగా రాస్తున్నారు. మేం కూడా దిగిన రోజు ఒకసారి, వాడేముందు ఒకసారి చూస్తాం.

బాటమ్స్ సంగతి ఎవరూ అడగరు, అందరూ అడగాల్సింది అదే. డిస్టిలేషన్ అయ్యాక అడుగున నల్లటి తారు లాంటి రెసిడ్యూ మిగులుతుంది. చీప్ రేటు ఇచ్చేవాళ్ళకి ఆ డబ్బు మిగిలేది ఎక్కువగా ఇక్కడే, దాన్ని పద్ధతిగా టీఎస్‌డీఎఫ్‌కో (హజార్డస్ వేస్ట్‌ని శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికో) సిమెంట్ కిల్న్‌కో పంపాలంటే ఖర్చు, రాత్రిపూట నాలాలో వదిలేస్తే ఖర్చు లేదు. మా అమ్మ వాళ్ళ ఊరు పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగుకి దగ్గర. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే వాగు వైపు పోవద్దని కట్టడి చేసేవాళ్ళు, బావి నీళ్ళు బట్టలు ఉతకడానికి కూడా పనికొచ్చేవి కావు, మా మామయ్య ఎకరంన్నర వరి వదిలేసుకున్నాడు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళలో కాలుష్యం మీద సుప్రీం కోర్టులో 1990లో కేసు పడింది. 2007లో స్వీడన్ సైంటిస్టులు పటాన్‌చెరు కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి, అంటే ట్రీట్ చేశాక బయటికి వచ్చే నీళ్ళలో, లీటరుకి 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు, బిళ్ళ మింగిన పేషెంట్ రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. కేంద్రం 2020 జనవరిలో యాంటీబయాటిక్ అవశేషాలకి లిమిట్‌లతో డ్రాఫ్ట్ తెచ్చింది, 2021 ఆగస్టులో ఫైనల్ నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ లిమిట్‌లు అందులో లేవు. డబ్ల్యూహెచ్‌ఓ 2024 సెప్టెంబర్‌లో యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వేస్ట్ మీద గైడెన్స్ ఇచ్చింది కానీ అది చట్టం కాదు. సాల్వెంట్ బాటమ్స్‌కీ దీనికీ ఏం సంబంధం అంటారేమో, మన ఎంఎల్‌లో కరిగి మిగిలిన మందు అంతా పోయి కూర్చునేది ఆ బాటమ్స్‌లోనే. అది ఏ వాగులో కలుస్తుందో మనకి తెలియకపోతే మన గేటు లోపల జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (చుక్క వ్యర్థ నీరు బయటికి వదలం) అన్న బోర్డు పెట్టుకుని లాభం లేదు.

ఈ రెండో కంపెనీ మా సరుకు నడిపిన ప్రతి విడతకీ బాటమ్స్ ఎంత వచ్చిందో, ఏ మానిఫెస్ట్ మీద ఎక్కడికి పోయిందో కాపీ ఇస్తారు. నేను మొదటి ఆరు నెలలు మా స్పెంట్ బరువు, తిరిగొచ్చిన సాల్వెంట్, విడిచిన నీళ్ళు, బాటమ్స్ అన్నీ కలిపి లెక్క చూసుకున్నాను, రెండు మూడు శాతం తేడాతో కలిసేది, ఆ తేడా ఆవిరి, శాంపిళ్ళు, పైపుల్లో మిగిలింది. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి చూస్తున్నాను. బ్లూ కాపీ మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

ట్యాంకర్ గురించి కూడా చెప్పాలి. డ్రైవర్ దగ్గర ఫామ్ 9 ట్రెమ్ కార్డ్ (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కార్డు) తెలుగులోనూ హిందీలోనూ ఉంటుంది, మొదటి లోడు రోజు నేను ఊరికే అడిగాను, లీకైతే ఏం చేస్తావు అన్నా అని. కార్డ్ తీయకుండానే చెప్పాడు, ఇంజన్ ఆపేస్తా, జనాన్ని గాలికి ఎదురు వైపు పంపిస్తా, ఇసుక పోస్తా, నీళ్ళు కొట్టను, ఈ నంబరుకి ఫోన్ చేస్తా అని. లోడింగ్ ముందు ఎర్తింగ్ క్లిప్ (స్టాటిక్ కరెంటు వల్ల నిప్పురవ్వ రాకుండా పెట్టేది) తనే పెట్టుకుని బల్బు పచ్చగా వెలిగాకే వాల్వ్ తీయమన్నాడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా ప్లాంట్‌లో సాల్వెంట్ లీకై పేలుడు జరిగి 17 మంది పోయారు, ఆ వారం మా ప్లాంట్‌లో ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు, అందులో ఒకరిద్దరు మా వాళ్ళకి కాలేజీలో తెలిసినవాళ్ళు. అందుకే క్లిప్ పెట్టే డ్రైవర్ అంటే నాకు గౌరవం.

పోయిన ఏడాది యూరప్ కస్టమర్ ఆడిట్ జరిగింది. ఈ మధ్య వాళ్ళు క్వాలిటీ ఒక్కటే అడగట్లేదు, పీఎస్‌సీఐ (సప్లయర్ల ఆడిట్ కోసం ఫార్మా కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ) పద్ధతిలో ఎన్విరాన్‌మెంట్, సేఫ్టీ, లేబర్ అన్నీ అడుగుతున్నారు, స్కోప్ 3 (సప్లయర్ల దగ్గర వచ్చే కార్బన్) కింద మా సాల్వెంట్ లెక్క కూడా వాళ్ళ కార్బన్ లెక్కలోకి వెళ్తుందట. ఆడిటర్ యార్డులో నడుస్తూ ఒక డ్రమ్ము మీద చెయ్యి పెట్టి దీని కథ చెప్పండి అంది. డ్రమ్ము నంబర్ నుంచి రికవరీ బ్యాచ్, అక్కడి నుంచి రిన్స్ రిపోర్ట్, మానిఫెస్ట్, మా స్పెంట్ ట్యాంకు, చివరికి ఏ సెంట్రిఫ్యూజ్ నుంచి ఏ తారీఖున దిగిందో, నలభై నిమిషాల్లో టేబుల్ మీద పెట్టేశాం. మొదటి కంపెనీ డ్రమ్ము మీద ఆవిడ చెయ్యి పెట్టి ఉంటే మేం ఏం చూపించేవాళ్ళం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. టర్న్ అరౌండ్ రెండు వారాలు, వానాకాలంలో మూడు కూడా పట్టింది, కాబట్టి స్టాక్ ప్లానింగ్ మనం జాగ్రత్తగా చేసుకోవాలి, రెండు సార్లు మేం కొత్త టొలుయిన్ అర్జెంటుగా ఎక్కువ రేటుకి కొనాల్సి వచ్చింది. మినిమమ్ లోడ్ ఒక ఫుల్ ట్యాంకర్, చిన్న యూనిట్లకి అది కష్టం, 90 రోజుల గడువు లోపల అంత పోగవ్వకపోతే వాళ్ళ దగ్గర దారి లేదు. బిల్లింగ్ వాళ్ళు ఫోన్ ఎత్తరు. రేటు మొదటి కంపెనీ కంటే ఎక్కువ, ఏడాదికోసారి పెంచుతారు కూడా.

అన్నిటికంటే పెద్ద లోటు ఐపీఏ. ఐపీఏలో నీళ్ళు కలిస్తే మామూలు డిస్టిలేషన్‌తో 88 శాతం దగ్గర ఆగిపోతుంది, దాన్ని దాటించాలంటే మాలిక్యులర్ సీవ్ (నీళ్ళని పీల్చుకునే గుళికలు), పర్వాపరేషన్ (పొర గుండా నీళ్ళని విడదీయడం) లాంటివి కావాలి, వాళ్ళ దగ్గర రెండూ లేవు. అందుకని మా ఐపీఏ స్పెంట్ ఇప్పటికీ సిమెంట్ కిల్న్‌కే పోతోంది, ప్రతి నెలా ఆ మానిఫెస్ట్ మీద సంతకం పెట్టేటప్పుడు మనసుకి కష్టంగానే ఉంటుంది.

నా రేటింగ్ టొలుయిన్, టీహెచ్‌ఎఫ్‌కి 5కి నాలుగున్నర, మొత్తం మీద 4. ఈ పని కోసం ఎవరినైనా చూస్తున్నవాళ్ళు రేటు అడిగే ముందు వాళ్ళ కాలమ్ పక్కన ఉండే లాగ్‌బుక్ అడగండి, బాటమ్స్ మానిఫెస్ట్ కాపీ అడగండి, డ్రమ్ముల మీద పెయింట్ గీకి చూడండి. ఐపీఏకి మాలిక్యులర్ సీవ్ యూనిట్ పెట్టుకున్నవాళ్ళు ఒకరు కర్ణాటక బోర్డర్ అవతల ఉన్నారని తెలిసింది, వేరే రాష్ట్రం అంటే లోడు కదిలేముందే రెండు రాష్ట్రాల పొల్యూషన్ బోర్డులకీ తెలియజేయాలి, వచ్చే నెల మా క్యూఏ మేడమ్‌తో వెళ్తున్నాను, రెండు డ్రమ్ముల ట్రయల్ అయ్యాక దాని గురించి కూడా రాస్తాను.